ఈజిప్టు మమ్మీలు వేల ఏళ్లు నిలిస్తే, ఇవాళ్టి ఎంబామింగ్ ఎందుకు నిలవదు?

మీరు అడిగింది మూడు సంగతులు. ఈజిప్టు మమ్మీలు మూడు వేల ఏళ్లు నిలిచాయి కదా, ఇప్పుడు ఎంబామింగ్ చేసిన (కుళ్లకుండా మందు ఎక్కించిన) శరీరం కొన్ని వారాలకే ఎందుకు పాడవుతుంది? ఆ పాత రహస్యం మనకు దక్కకుండా పోయిందా? కొన్ని సమాజాలు అసలు ఈ పని జోలికే ఎందుకు వెళ్లలేదు? అనాటమీ విభాగంలో, దాన్ని ఆనుకుని ఉన్న మార్చురీలో ఇరవై ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. తెలిసినంతవరకు చెబుతాను. శవాల గురించి సూటిగా రాస్తాను కాబట్టి ఇబ్బంది అనిపించేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

రహస్యం ఏదీ పోలేదు. ఈజిప్టు వాళ్లు శరీరాన్ని ఎండబెట్టారు. మేం తడిగానే ఉంచి కుళ్లకుండా కొంతకాలం ఆపుతాం. ఎండబెట్టింది వేల ఏళ్లు ఉంటుంది, కానీ చూస్తే మన మనిషి అనిపించదు. మేం చేసింది నిద్రపోతున్న మనిషిలా ఉంటుంది, కానీ ఎక్కువ కాలం ఉండదు. ఎందుకంటే ఎక్కువ కాలం ఉంచమని మమ్మల్ని ఎవరూ అడగరు. ఆ శరీరంతో ఇంకా ఏం పని ఉంది, ఎన్నాళ్లు ఉంది అన్నదాన్ని బట్టే ప్రతి సమాజం తన పద్ధతి ఎంచుకుంది.

ముందు కుళ్లడం గురించి నాలుగు మాటలు. ప్రాణం పోగానే కణాల్లోని ఎంజైములు ఆ కణాల్నే కరిగించడం మొదలుపెడతాయి. ఇంకోపక్క, బతికున్నన్నాళ్లూ పేగుల్లో బుద్ధిగా పడున్న బ్యాక్టీరియా గోడలు దాటి బయటికొస్తుంది. అందుకే పొట్ట మీద కుడివైపు కింద, పెద్దపేగు మొదలయ్యేచోట మొదటి పచ్చమచ్చ కనిపిస్తుంది. గుడ్డ తీయగానే నేను ముందు చూసేది ముఖం కాదు, అక్కడే. అది చూస్తే ఎంత టైమ్ చేతిలో ఉందో తెలిసిపోతుంది. ఈ కుళ్లడానికి నీళ్లు కావాలి, తినడానికి ప్రొటీన్ కావాలి. నీళ్లు లాగేయడం ఒక దారి. బ్యాక్టీరియా తినలేనట్టు ప్రొటీన్‌ను మార్చేయడం ఇంకో దారి. గాలి చొరబడకుండా మూసేయడం, చల్లబరచడం కూడా ఉన్నాయి. మనుషులు ఎన్ని తంటాలు పడినా వీటి చుట్టూనే తిరిగారు.

ఈజిప్టులో మొదటి మమ్మీలను చేసింది మనుషులు కాదు, ఇసుక. ఎడారిలో గుంట తవ్వి పూడ్చిన శవం వేడి ఇసుకలో దానంతటదే ఎండిపోయేది. గొప్పవాళ్లకు ఇటుకలతో, రాళ్లతో సమాధులు కట్టడం మొదలయ్యాక శరీరానికి ఇసుక తగలడం మానేసింది, లోపల కుళ్లడం మొదలైంది. దాంతో ఇసుక చేసే పనిని చేతులతో చేయాల్సి వచ్చిందని చాలాకాలం చెప్పుకున్నారు. కథ అంత సాఫీగా లేదని తర్వాత తేలింది. ఆ సమాధులకు ఎంతో ముందే, దాదాపు 6,000 ఏళ్ల కిందటి గుంటల్లో దొరికిన నార గుడ్డల మీద చెట్టు జిగురు, నూనె కలిపి పూసిన జాడలు బయటపడ్డాయి. అంటే ఇసుక పని ఇసుక చేస్తుండగానే మనుషులు కూడా ఓ చెయ్యి వేస్తున్నారన్నమాట.

బాగా ముదిరిన దశలో వాళ్ల పద్ధతి ఇది. ఎడమ పక్క డొక్కలో గాటు పెట్టి కాలేయం, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పేగులు తీసి విడిగా ఎండబెట్టి నాలుగు జాడీల్లో ఉంచేవాళ్లు. గుండెను మాత్రం కదిలించేవాళ్లు కాదు, ఆలోచన అంతా గుండెలోనే ఉంటుందని నమ్మకం. మెదడును ముక్కులోంచి లాగి పారేసేవాళ్లు, దానికి ఏ జాడీ లేదు. తర్వాత శరీరం లోపలా బయటా నేట్రాన్ కప్పేవాళ్లు. ఎండిపోయిన సరస్సుల అడుగున దొరికే సహజ లవణం అది. సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ముఖ్యం, కొంత మామూలు ఉప్పు. నీళ్లు లాగేస్తుంది, కొవ్వును సబ్బులా మార్చేస్తుంది. సుమారు 40 రోజులు దాంట్లో, చుట్టడం, పూయడం, మంత్రాలు కలుపుకుని మొత్తం 70 రోజులు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈ పనికి మూడు రకాల రేట్లు ఉండేవని రాశాడు: ఖరీదైనది, మధ్యరకం, చవకది. చవక రకంలో పేగులు కడిగి లవణంలో పెట్టడమే, జాడీల ఊసు లేదు. చావు దగ్గర కూడా ప్యాకేజీలు అప్పటినుంచే ఉన్నాయని మా స్టూడెంట్లకు చెబితే నమ్మరు.

1994లో అమెరికాలో బాబ్ బ్రియర్, రాన్ వేడ్ అనే ఇద్దరు, తన శరీరాన్ని సైన్సుకు రాసిచ్చిన ఒక మనిషి మీద ఈ పద్ధతిని మొదటినుంచి చివరిదాకా చేసి చూశారు. రెండు వందల కిలోలకు పైగా నేట్రాన్ పట్టింది. 35 రోజుల తర్వాత తీస్తే శరీరం ఎండి, గట్టిపడి, బరువు బాగా తగ్గిపోయి ఉంది. నాకు నచ్చింది మెదడు సంగతి. పుస్తకాల్లో కొక్కెంతో లాగేవారని ఉంటుంది. చేతిలో పట్టుకుని చేస్తే మెదడు ముక్కలుగా రాలేదు. అదే కొక్కేన్ని కవ్వంలా తిప్పి, నీళ్లు పోసి పల్చన చేస్తేనే కారింది. శవం మీద పనిచేసిన ఎవరికైనా ఇది సహజంగానే అనిపిస్తుంది, మెదడు ఎంత మెత్తగా ఉంటుందో మాకు తెలుసు. కానీ ఎవరో ఒకరు చేసి చూసేదాకా పుస్తకంలో మాటే నడిచింది.

రహస్యం అన్నారు కాబట్టి ఇంకొకటి. ఈజిప్టులోని సఖారాలో నేల కింద బయటపడిన ఒక ఎంబామింగ్ వర్క్‌షాపులో కుండలు దొరికాయి, సుమారు 2,600 ఏళ్ల నాటివి. ఏ కుండలోది తలకు, ఏది గుడ్డలకు అని వాటి మీదే రాసి ఉంది. లోపలి మడ్డిని పరీక్షించిన ఫలితాలు 2023లో వచ్చాయి. దేవదారు జాతి చెట్ల నూనె, పిస్తా జాతి జిగురు, తేనెమైనం సరే, వాటితోపాటు ఆగ్నేయాసియా అడవుల్లో దొరికే డామర్ జిగురు కూడా ఉంది. ఒక శవం తలకు పూయడానికి అంత దూరం నుంచి సరుకు తెప్పించుకున్నారు. వీటిలో చాలావాటికి బ్యాక్టీరియాను, బూజును ఆపే గుణం ఉంది. మంత్రంతోపాటు సరుకు జ్ఞానం కూడా గట్టిదే.

అన్నట్టు మమ్మీలు చేసినవాళ్లలో ఈజిప్టు వాళ్లు మొదటివాళ్లు కారు. ఇప్పటి చిలీ ఉత్తర తీరంలో చించొర్రో అనే చేపలు పట్టుకునే జనం దాదాపు 7,000 ఏళ్ల కిందటే మొదలుపెట్టారు. చర్మం ఒలిచి, మాంసం తీసి, ఎముకలకు కర్రలు కట్టి, మట్టి, రెల్లుతో ఒళ్లు తిరిగి తయారుచేసి, పైన చర్మం కప్పి, ముఖానికి మట్టి తొడుగు వేసి నల్లటి మాంగనీసు రంగు పూసేవాళ్లు. వాళ్లకు రాజుల్లేరు, పిరమిడ్లు లేవు. పసిపిల్లలకు, కడుపులోనే పోయిన పిండాలకు కూడా అదే శ్రద్ధతో చేశారు. నాకు ఫారోల, అంటే ఈజిప్టు రాజుల, మమ్మీల కన్నా ఇవే ఎక్కువ గుర్తుండిపోయాయి. పిండం ఎంత ఉంటుందో, దాని ఎముకలు ఎంత సన్నగా ఉంటాయో చేతిలో పట్టుకున్నవాడికి ఆ పని వెనక ఎంత ఓపిక ఉందో అర్థమవుతుంది.

ఇక ఇవాళ మేం చేసేది వేరే వంశం. ఇది పుట్టింది సమాధుల దగ్గర కాదు, శవాన్ని కోసి చదువుకునే డిసెక్షన్ టేబుల్ దగ్గర. రక్తం శరీరమంతా తిరుగుతుందని 17వ శతాబ్దంలో ఇంగ్లండ్ డాక్టరు విలియం హార్వీ చూపించాక, అదే గొట్టాల్లోంచి మందు పంపితే మూలమూలకూ చేరుతుంది కదా అన్న ఆలోచన వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫ్రెడెరిక్ రయిష్ అనే అనాటమీ నిపుణుడు రక్తనాళాల్లోకి మైనం, రంగులు ఎక్కించి తయారుచేసిన నమూనాలను 1717లో రష్యా చక్రవర్తి పీటర్ కొని తీసుకెళ్లాడు. లండన్‌లో విలియం హంటర్ మొత్తం శరీరానికే ధమనుల గుండా మందు ఎక్కించే పద్ధతి నేర్పాడు. అతని దగ్గర చదువుకున్న మార్టిన్ వాన్ బుచెల్ అనే పళ్ల డాక్టరు 1775లో భార్య పోతే, హంటర్ సాయంతో ఎంబామింగ్ చేయించి ముందుగదిలో అద్దాల పెట్టెలో పెట్టి వచ్చేపోయేవాళ్లకు చూపించాడు. రెండో పెళ్లి చేసుకున్నాక వచ్చినావిడ ఊరుకోలేదు. మొదటావిడ మ్యూజియానికి వెళ్లింది, 1941లో బాంబు దాడిలో పోయింది.

మామూలు జనంలోకి ఇది వచ్చింది అమెరికా అంతర్యుద్ధంలో. కొడుకు ఎక్కడో వందల మైళ్ల దూరంలో చనిపోతే శవం ఇంటికి రావాలి. థామస్ హోమ్స్ అనే ఆయన 4,000కు పైగా శవాలకు చేశానని చెప్పుకున్నాడు. 1865లో లింకన్ పోయాక శవపేటికను రైల్లో ఊరూరా ఆపుతూ స్ప్రింగ్‌ఫీల్డ్ తీసుకెళ్లి, చనిపోయిన 19 రోజులకు సమాధి చేశారు. పక్కనే ఎంబామర్ వెంట ఉన్నాడు, దారిలో ముఖం నల్లబడుతుంటే సరిచేస్తూ వెళ్లాడు. లక్షలమంది చూశారు. ఎంబామింగ్‌కు అంతకు మించిన ప్రచారం ఏముంటుంది? అప్పటి మందుల్లో ఆర్సెనిక్, పాదరసం ఉండేవి. శవం సంగతి సరే, ఎక్కించేవాడి ఆయుష్షు ఏమైందో ఎవరూ లెక్క రాయలేదు.

ఆ విషాల స్థానంలోకి వచ్చింది ఫార్మలిన్, అంటే నీళ్లలో కరిగించిన ఫార్మాల్డిహైడ్. ఫార్మాల్డిహైడ్‌ను 19వ శతాబ్దం మధ్యలోనే రసాయన శాస్త్రవేత్తలు గుర్తించారు, కానీ శరీరానికి పనికొస్తుందని ఎవరికీ తట్టలేదు. 1893లో జర్మనీలో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే డాక్టరు క్రిములను చంపడానికి పనికొస్తుందేమోనని దాంతో ప్రయోగాలు చేస్తూ తన వేళ్ల చర్మం గట్టిపడటం గమనించాడు. నా వేళ్లకు ఇది జరిగితే టిష్యూకు ఎందుకు జరగదు అనుకున్నాడు. ఇప్పటికీ గ్లవ్స్ చిరిగి ఆ మందు పడితే నా వేలికొసలు తోలులా తయారవుతాయి, ప్రతిసారీ బ్లూమ్ గుర్తొస్తాడు. ఫార్మాల్డిహైడ్ చేసేదల్లా ప్రొటీన్ పోగులను ఒకదానికొకటి అడ్డంగా కుట్టేయడం. అలా కుట్టిన ప్రొటీన్‌ను బ్యాక్టీరియా తినలేదు.

మేం చేసే పద్ధతి చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. ముందు బిగుసుకున్న కీళ్లను మెల్లగా వంచి, చాచి వదులు చేయాలి. మెడ దగ్గరో తొడ దగ్గరో చిన్న గాటు పెట్టి ధమనిని బయటికి తీసి గొట్టం దూర్చి మందు ఎక్కిస్తాం, పక్కనున్న సిర తెరిచి రక్తం బయటికి వదులుతాం. పెద్ద మనిషికి ఎనిమిది, పది లీటర్లు పడుతుంది. ఎక్కుతున్నంతసేపూ చేతులు, కాళ్లు వేళ్ల వైపు నుంచి మర్దన చేస్తూ ఉండాలి, లేకపోతే గడ్డకట్టిన రక్తం దగ్గర మందు ఆగిపోతుంది. గోళ్ల కింద రంగు మారి, చెవి తమ్మె గట్టిపడితే చేరినట్టు లెక్క. తర్వాత పొట్టలోకి, ఛాతీలోకి విడిగా మందు పంపాలి, ఎందుకంటే కుళ్లు మొదలయ్యేది అక్కడే.

నా మొదటి రోజుల పొరపాటు ఒకటి చెప్పాలి. లివర్ పాడై పోయిన ఒక పెద్దాయన, ఒళ్లంతా పసుపు. నేను మామూలు మోతాదులోనే గట్టి ఫార్మలిన్ ఎక్కించేశాను. కొన్ని గంటలకు ముఖం ఆకుపచ్చగా తిరిగింది. కామెర్ల పసుపు రంగు బిలిరుబిన్‌ది. ఫార్మాల్డిహైడ్ దాన్ని బిలివెర్డిన్‌గా మారుస్తుంది, అది ఆకుపచ్చ. పుస్తకంలో ఉన్న సంగతే, చదివాను కూడా. గుడ్డ తీశాక వాళ్లమ్మాయి, "డాక్టర్ గారూ, పొద్దున నాన్న ఇలా లేరే," అంది. ఏం చెప్పను? పూత వేసి కొంత సర్దాను, కానీ ఆవిడ చూడాల్సింది చూసేసింది. ఆ తర్వాత కామెర్ల కేసు వస్తే మందు పల్చగా కలిపి, ముందు నాళాలు కడిగి, తొందరపడకుండా చేస్తాను.

అసలు ఎక్కువ కాలం ఉంచాలంటే ఇవాళా ఉంచొచ్చు. అనాటమీ క్లాసు కోసం మేం గట్టి మోతాదులో ఫార్మలిన్, ఫీనాల్, గ్లిజరిన్ కలిపి చేసిన శరీరం ఏళ్ల తరబడి నిలుస్తుంది, కానీ బూడిదరంగుకు తిరిగి బిర్రబిగుసుకుపోతుంది. దాన్ని ఇంటివాళ్లకు చూపించలేం. ఇటలీలో పలెర్మో నేలమాళిగలో రొసాలియా లొంబార్డో అనే పాప ఉంది. 1920లో, రెండేళ్లు నిండకుండానే న్యుమోనియాతో పోయింది. అల్‌ఫ్రెడో సలాఫియా ఫార్మలిన్, ఆల్కహాల్, గ్లిజరిన్, సాలిసిలిక్ ఆసిడ్, జింక్ లవణాలు కలిపి చేశాడు. ఆ మిశ్రమం అతని చేతిరాతలో 2009లో బయటపడింది. ఆ పాప ఇప్పటికీ నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది. లెనిన్ సంగతి ఇంకోరకం. 1924 జనవరిలో పోయాడు, మార్చికల్లా మచ్చలు మొదలయ్యాయి. అప్పుడు వొరొబ్యొవ్, జ్బార్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కలిసి గ్లిజరిన్, పొటాషియం అసిటేట్ ద్రావణంతో నెలల తరబడి పనిచేశారు. ఇప్పటికీ ఏడాదిన్నరకోసారి ఆ శరీరాన్ని ద్రావణంలో నానబెట్టి సరిచేస్తారు. వందేళ్లుగా ఒక ల్యాబు మొత్తం ఒక మనిషికి సేవ చేస్తోంది. ఫారోకు 70 రోజులు సరిపోయాయి, లెనిన్‌కు పని ఎప్పటికీ అయిపోదు. తడిగా ఉంచడానికి, ఎండబెట్టడానికి ఉన్న తేడా ఇదే.

ఎంబామింగ్ లేకుండా కూడా నిలిచినవి ఉన్నాయి. చైనాలో చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్‌లో 1972లో తెరిచిన సమాధిలో షిన్ జుయ్ అనే దొరసాని శరీరం, రెండు వేల ఏళ్లు దాటినా చర్మం మెత్తగా, కీళ్లు వంగేలా ఉంది. కడుపులో, పేగుల్లో 138 కర్బూజా గింజలు దొరికాయి. ఒకదాంట్లో ఒకటిగా నాలుగు పెట్టెలు, చుట్టూ బొగ్గు, తెల్లమట్టి దట్టించి గాలి ఆడకుండా మూసేశారు.

ఇక మీ మూడో ప్రశ్న. శరీరాన్ని త్వరగా వదిలేయాలనుకున్న సమాజాలకు ఎంబామింగ్ రాక కాదు, అక్కర్లేక. యూదుల గ్రంథంలోనే యాకోబుకు ఈజిప్టు పద్ధతిలో 40 రోజులు చేయించినట్టు ఉంది, ఎందుకంటే శరీరాన్ని అతని సొంత దేశం కనానుకు మోసుకెళ్లాలి. పద్ధతి తెలిసి కూడా యూదులు దాన్ని ఆచారంగా తీసుకోలేదు. కడిగి, సాదా గుడ్డ చుట్టి, వీలైనంత తొందరగా మట్టికి అప్పగించడమే వాళ్ల మర్యాద. ఇస్లాంలోనూ ఘుస్ల్ (స్నానం చేయించడం), కఫన్ (గుడ్డ చుట్టడం), ఆలస్యం చేయకుండా ఖననం. దహనం చేసే హిందువులకు, శరీరం పంచభూతాల్లో కలవాలనుకునేవాళ్లకు, నిలవబెట్టడం ఏ రకంగానూ ఉపకారం కాదు. జొరాస్ట్రియన్లకు (మన దగ్గర పార్సీలు) నేల, నిప్పు, నీరు మూడూ పవిత్రమే, శవంతో వాటిని మైలపరచకూడదు కాబట్టి దఖ్మాలనే ఎత్తైన గుండ్రటి కట్టడాల మీద రాబందులకు వదిలారు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల దక్షిణాసియాలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాక ఆ ఆచారమే చిక్కుల్లో పడింది.

అయితే ఒక జాతికి ఒకటే పద్ధతి అనుకోకండి. టిబెట్‌లో మామూలు మనిషి శరీరాన్ని ముక్కలు చేసి పక్షులకు పెడతారు, అదొక దానం. అదే దలైలామాల్లో కొందరి శరీరాలను మాత్రం ఉప్పులో ఎండబెట్టి పోతాలా భవనంలో బంగారు స్తూపాల్లో ఉంచారు. జనం దర్శించుకోవాల్సిన మనిషి అయ్యేసరికి లెక్క మారింది. ఇండొనేషియాలో సులవేసి ద్వీపంలోని తొరాజాల దగ్గరైతే అంత్యక్రియల ఖర్చు సమకూరేదాకా శరీరం నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఇంట్లోనే ఉంటుంది. అంతవరకు వాళ్ల లెక్కలో ఆ మనిషి చనిపోలేదు, జబ్బుతో ఉన్నట్టు. పలకరిస్తారు, తినడానికి పెడతారు. ఒకప్పుడు ఆకులు, మూలికలు వాడేవాళ్లు, ఇప్పుడు ఫార్మలిన్. ఆచారం పాతదే, మందు మాది.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఎంబామింగ్ చేయకపోతే రోగాలు వస్తాయన్న భయం చాలావరకు ఉత్తదే. విపత్తుల్లో పోయినవాళ్ల శవాల వల్ల మహమ్మారులు పుట్టవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. ఎబోలా లాంటివి వేరు, అలాంటి శరీరానికి ఎంబామింగ్ చేయనే కూడదు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ తెప్పిస్తుందని 2004లోనే తేలింది, కాబట్టి ఆ గదిలోకి "ఒక్కసారి చూసొస్తాం" అని వచ్చేవాళ్లను నేను లోపలికి రానివ్వను. ఒకటి రెండు రోజుల్లో అంత్యక్రియలు అయిపోతాయంటే ఫ్రీజరు చాలు, మందు ఎక్కించనక్కర్లేదు. విమానంలో వేరే దేశం పంపాలంటే మాత్రం సాధారణంగా ఎంబామింగ్ సర్టిఫికెట్ అడుగుతారు.

అన్నిటికన్నా ముఖ్యం, చావు మీద ఏ కాస్త అనుమానం ఉన్నా పోస్ట్‌మార్టం అయ్యేదాకా ఎంబామింగ్ చేయించకండి. రక్తం బయటికి పోతుంది, మందు లోపలికి వస్తుంది, విషం ఏదైనా ఉంటే దాని ఆనవాలు పట్టుకోవడం కష్టమైపోతుంది. "తొందరగా చేసేయండి, బంధువులు వస్తున్నారు" అని ఎవరైనా మరీ హడావిడి చేస్తే, నేను కాగితాలు ఇంకోసారి చదువుతాను.